బియ్యపు గింజంత ముక్క

ఫిల్మ్ నగర్, హైదరాబాద్
10 జూన్ 2024

చిరంజీవి చంటికి,

యాభై ఒక్కేళ్ల వాణ్ణి ఇంకా చంటీ అంటుందేమిటని మరదలు నవ్వుతుందని తెలుసు. కవరు మీద మాత్రం సుబ్రహ్మణ్యం గారికి అనే రాశాను, యూనివర్సిటీలో నీ పరువు పోకుండా.

ఉత్తరమేమిటి, ఫోను లేదా అనకు. ఫోను ఉంది, గొంతే లేదు. రెండు వారాలు నోరు మెదపకూడదని డాక్టరు ఆజ్ఞ. గుసగుసలు కూడా పనికిరావట, అవి మాటల కంటే చెడ్డవట. నువ్వు ఫోనులో "అక్కయ్యా" అంటే నేను "ఏరా" అనకుండా ఉండగలనా? పోనీ టైపు కొడదామంటే ఆ చీమతలకాయలంత అక్షరాలు నాకు ఆనవు. అందుకని పాత డైలాగు పేపర్లు తిరగేసి వెనకవైపు రాస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. మూడు నెలలుగా గొంతు బొంగురు పోయింది. ఉగాదికి ముందు ఒక సినిమాలో పిశాచం పట్టిన అత్తగారికి డబ్బింగు చెప్పాను, నాలుగు రోజులు ఒకటే అరుపులు. దాని ఫలితమే అనుకుని మిరియాల పాలు తాగాను, కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాను, ఏమీ లాభం లేకపోయింది. దగ్గు కూడా పట్టుకుంది. సాయంత్రాలు ఒళ్లు కాస్త వెచ్చబడుతుంటే డబ్బింగు థియేటర్లలో ఏసీ పడటం లేదనుకున్నాను. జాకెట్లన్నీ వదులయ్యాయి. చూసినవాళ్లంతా భలే సన్నబడ్డారండీ అంటే మురిసిపోయాను కూడా. నీ అక్కయ్య తెలివి అంత.

చివరికి బంజారా హిల్స్‌లో డాక్టర్ మైత్రేయి అనే ఆవిడ దగ్గరికి వెళ్లాను. ఈవిడ చెవి, ముక్కు, గొంతు చూస్తుంది. గొంతులోకి కెమెరా దింపి చూసి, కుడివైపు స్వరతంత్రి మీద ఎర్రగా చెక్కుకుపోయినట్టు ఉందని చెప్పింది. ఛాతీ ఎక్స్‌రేలో ఏదో మచ్చ ఉంటే పాతదై ఉంటుందన్నారు. శుక్రవారం మత్తిచ్చి, ఆ ఎర్రటి చోటు నుంచి ముక్క తీశారు. బియ్యపు గింజంత ఉందట. సీసాలో వేసి ల్యాబుకు పంపారు.

క్యాన్సర్ అయితే స్వరపేటిక తీసేస్తారా అని కాగితం మీద రాసి చూపించాను. "ముందు రిపోర్టు రానివ్వండి నాగేశ్వరి గారూ" అంది. కాదు అనలేదు చూశావా. ముప్పై రెండేళ్లుగా తెర మీది ఆడవాళ్లు నా గొంతుతో ఏడ్చారు, నా గొంతుతో శపించారు. మా వీధి కూరగాయలవాడికి కూడా నా ముఖం తెలియదు కానీ నేను "వంకాయ ఎంత" అనగానే తలెత్తి చూస్తాడు. మీ బావగారు పోయాక ఈ ఇంట్లో నాకున్నది ఆ గొంతు ఒక్కటే. అది కూడా తీసేస్తే నేను ఎవర్నో నాకే తెలియదు. భయంగా ఉందిరా.

ఆ ముక్కను వాళ్లు ఏం చేస్తారు? ఎందులో చూస్తారు? చూస్తే ఏం తెలుస్తుంది? ముప్పయ్యేళ్లుగా మైక్రోస్కోపుల గదిలో కూర్చున్నవాడివి, వివరంగా రాయి. నా మేనకోడలు శ్రీనిధి ఎలా ఉంది? వేవిళ్లు తగ్గాయా?

నోరు మూసుకుని కూర్చున్న
మీ అక్కయ్య


విశాఖపట్నం
14 జూన్ 2024

అక్కయ్యకు చంటి నమస్కారాలు.

నీ ఉత్తరం డిపార్టుమెంటుకు వచ్చింది. వెనకవైపు పిశాచం డైలాగులు చూసి మా ప్యూను హడలిపోయాడు. మూడు నెలలు ఎవరికీ చెప్పకుండా మిరియాల పాలు తాగుతూ కూర్చున్నావా? మన అమ్మ పోలిక.

భయపడకు. అడిగినవి వరసగా చెబుతాను. శుక్రవారం డాక్టరుగారు నీ గొంతులోకి చూసినదాన్ని కూడా మైక్రోస్కోపే అంటారు. రెండు కళ్లతో చూసేది, పెద్దగా పెంచి చూపదు కానీ లోతు తెలుస్తుంది, కత్తెర ఆడించడానికి అది కావాలి. అలాంటిది నా దగ్గరా ఉంది, దాని కింద రొయ్య పిల్లల కాళ్లు లెక్కపెడుతుంటాను.

ముక్కను ముందు ఫార్మలిన్‌లో నిలవబెడతారు. తర్వాత నీళ్లన్నీ లాగేసి కరిగిన మైనంలో ముంచి గడ్డ కట్టిస్తారు. ఆ గడ్డను పదునైన బ్లేడుతో కోస్తారు. ఒక్కో పొర ఎంత పలచన అంటే, వెంట్రుకను అడ్డంగా ఇరవై పొరలు చేస్తే అందులో ఒకటి. అంత పలచగా ఎందుకంటే వెలుతురు దాని గుండా ఇవతలికి రావాలి. మామూలు మైక్రోస్కోపు చేసేది అంతే, కింది నుంచి దీపం, మధ్యలో పొర, పైన లెన్సులు. ఒట్టి పొర గాజులా ఉంటుంది, ఏమీ కనబడదు. కాబట్టి రంగులు వేస్తారు. కణం లోపలి కేంద్రకం ఊదారంగు, చుట్టూ ఉన్నది గులాబీ రంగు. కణాలు వరసలో బుద్ధిగా ఉన్నాయా, కేంద్రకాలు ఒక్క సైజులో ఉన్నాయా అని పెథాలజీ డాక్టరు చూస్తారు.

వెలుతురుకు ఒక హద్దు ఉంది. వెయ్యి రెట్ల దాకా పెంచుతాం, ఆపైన పెంచినా మసక పెద్దదవుతుంది తప్ప కొత్తది కనబడదు. బతికున్న కణాలకు రంగు వేస్తే చస్తాయి కాబట్టి వాటికి ఫేజ్ కాంట్రాస్ట్ అని వేరేది ఉంది. ఫ్లోరెసెన్స్ అని ఇంకొకటి, దాంట్లో నీలి వెలుతురు వేస్తే రంగు పట్టుకున్న చోటే చీకట్లో మెరుస్తుంది. అన్నిటికీ పైన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. చిన్న విషయాలు చిన్న మైక్రోస్కోపే చెప్పేస్తుంది. అది తేల్చలేని మొండి కేసులకే పెద్దవాటి దగ్గరికి పోతాం. నీది చిన్న విషయమే అయి ఉంటుంది.

నిధికి ఐదో నెల వచ్చింది. మార్చి నుంచి మా దగ్గరే ఉంది కదా, ఇప్పుడిప్పుడే అన్నం ఇముడుతోంది. వాళ్లమ్మ దాన్ని గడప దాటనివ్వడం లేదు.

నీ
చంటి


ఫిల్మ్ నగర్
20 జూన్ 2024

చంటీ,

రిపోర్టు వచ్చింది. అందులో ఒక వాక్యం క్యాన్సర్ అనుమానం అంటుంది, ఇంకో వాక్యం నిర్ధారించలేం అంటుంది. తీసిన ముక్క మరీ పైపైన ఉందట, లోతుగా మళ్లీ తీయాలట. ఈలోగా ఆ మైనం గడ్డను ఇంకో పెద్ద ల్యాబుకు పంపుతున్నారు. ఎందుకమ్మా అని కాగితం మీద అడిగితే డాక్టర్ మైత్రేయి, "అక్కడ ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు ఉందండీ, ఒకటి లేదని తేల్చుకుందాం" అంది. ఆ ఒకటి ఏమిటని రాయబోతే పెన్ను ఆగిపోయింది. అడిగితే చెబుతుందేమోనని భయం వేసి కాగితం మడిచేశాను.

నీ ఉత్తరం ముందు పెట్టుకుని మళ్లీ చదివాను. చిన్న విషయమైతే చిన్న మైక్రోస్కోపే చెప్పేస్తుందని నీ చేత్తో నువ్వే రాశావు. నాది మొదటిది దాటి, రెండోది దాటి, ఫ్లోరెసెన్స్ దాకా పోయింది. ఇక మిగిలింది నువ్వు చెప్పిన ఆ పెద్దది ఒక్కటే. జబ్బుకు ప్రమోషన్ వచ్చిందన్నమాట.

నిన్న దేవమ్మ గిన్నెలు తోముతూ నా మొహం చూసి, చేతులు కడుక్కుని వచ్చి పక్కన కూర్చుంది. "గిట్ల ఏడ్సుకుంట కూసుంటె పుండు ఎట్ల మానుతదమ్మా? జర సబర్ జేయుండ్రి. ఫికర్ జేస్తెనే సగం రోగం" అంది. ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో పనిచేస్తోంది, ఇన్నాళ్లూ నేను మాట్లాడటం, తను వినడం. ఇప్పుడు తను మాట్లాడుతోంది.

ల్యాబువాళ్లను అడిగి ఒక స్లైడు తీసుకున్నాను. రోగికి ఇస్తారట, రెండో అభిప్రాయం కోసం. దూదిలో చుట్టి, స్వీటు డబ్బాలో పెట్టి కొరియర్ చేస్తున్నాను. నువ్వు చూడు. నువ్వు చేపలూ రొయ్యలూ చూసేవాడివని నాకు తెలుసు. అయినా నాకు కావలసింది నీ కళ్లు. చూసింది చూసినట్టు రాయి, నా మీద ఒట్టు.

అక్కయ్య


విశాఖపట్నం
26 జూన్ 2024

అక్కయ్యా,

స్లైడు భద్రంగా చేరింది. భయపడకు. చూశాను. రంగు కాస్త వెలిసినట్టుంది, పొర కూడా ఒక పక్కకు మడత పడింది, అందువల్ల నాకు అంత స్పష్టంగా తెలియలేదు. నేను మనుషుల స్లైడ్లు చూసేవాణ్ణి కాదు కదా. కాబట్టి భయపడకు. డాక్టర్లు చెప్పినట్టు రెండోసారి ముక్క తీయించుకో.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు గురించి బెంగ పెట్టుకున్నావు. అది నీకు వాడరు. దాంట్లో వెలుతురు బదులు ఎలక్ట్రాన్ల ధార ఉంటుంది, అందుకే లక్ష రెట్లు పెంచినా మసకబారదు. కానీ లోపల గాలి ఉండకూడదు, తడి ఉండకూడదు. చూడదలచుకున్నదాన్ని చంపి, ఎండబెట్టి, పైన బంగారం పూత పూసి పెడతాం. పోయిన వారం ఒక ఈగ తలను అలా చూశాం, మా పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి చూశారు. నువ్వూ ఇక్కడుంటే బాగుండేదనిపించింది.

ఇంకొక మాట. నిధి మీ ఇంటికి వస్తానంటోంది. ఇక్కడ విసుగ్గా ఉందట. మధురానగర్ ఇంటికి వెళితే అల్లుడు ఆఫీసుకు పోయాక ఒక్కతే ఉండాలి, అత్త దగ్గరైతే నీకూ తోడు, దానికీ తోడు. వాళ్లమ్మ వద్దంది కానీ నేనే ఒప్పించాను. శుక్రవారం రైలెక్కిస్తాను. దాన్ని నీ గదిలోనే పడుకోబెట్టుకో. భయపడకు అక్కయ్యా, అంతా మంచే జరుగుతుంది.

చంటి


ఫిల్మ్ నగర్
4 జూలై 2024

చంటీ,

నీ ఉత్తరంలో "భయపడకు" మూడుసార్లు ఉంది. లెక్కపెట్టాను.

ఒరేయ్, నా వృత్తే అదిరా. తెర మీది మనిషి పెదాలు ఒకటి అంటుంటే లోపల ఇంకోటి ఉందని గొంతులో పలికించి బతికినదాన్ని. రంగు వెలిసిందని రాశావు, పొర మడత పడిందని రాశావు, ఒక్క అబద్ధం చాలక రెండు చెప్పావు. పైగా ఐదో నెల పిల్లను, గడప దాటనివ్వని పిల్లను, ఉన్నపళంగా రైలెక్కించి పంపావు. ఏమీ తేలకపోతే ఎవరైనా ఇంత పని చేస్తారా? చంపి, ఎండబెట్టి, బంగారం పూసి అని నువ్వు రాసింది చదువుతుంటే అది ఈగ సంగతి అనిపించలేదు నాకు.

నిధిని అడగలేదు. అది నా వంక చూసి నవ్వే తీరు చూస్తే అడగబుద్ధి కాలేదు.

సరే, అయ్యేది అవుతుంది. నేను చేసింది చెబుతాను, తిట్టకు. లోతు ముక్క తీయడానికి ఒకటో తారీకున రమ్మన్నారు. పదో తారీకుకు మార్పించుకున్నాను. మళ్లీ కోసిన తర్వాత ఏం మిగులుతుందో తెలియదు కదా. జూబ్లీ హిల్స్‌లో శ్రీకాంత్ అని మన సౌండ్ ఇంజనీరు, ఒక ఇంటి సెల్లారులో డబ్బింగు థియేటర్ నడుపుతాడు. అతను చెప్పాడు, రకరకాల మాటలు, వాక్యాలు గంటల కొద్దీ రికార్డు చేసి పెట్టుకుంటే, రేపు స్వరపేటిక తీసేసినా మనం టైపు చేసింది కంప్యూటరు మన గొంతుతో పలుకుతుందట. ఉన్న గొంతు బొంగురుదే, అయినా నాది. రెండు వారాల మౌనం ఎటూ అయిపోయింది. వరసగా మూడు రోజులు వెళ్లాను.

మన వర్ణమాలతో మొదలుపెట్టాను. తర్వాత ఊళ్ల పేర్లు, చుట్టాల పేర్లు, కూరల పేర్లు. నవ్వులు, ఏడుపులు, ఉలిక్కిపాట్లు, నిట్టూర్పులు. నీ పేరు పదకొండు రకాలుగా పిలిచాను, కోపంగా, గారంగా, గది అవతలి నుంచి, మంచం మీది నుంచి. నిధి నా పక్కనే నిలబడి కాగితాలు తిప్పింది. అది బూత్ బయట కూర్చోవచ్చు, కానీ నేను పేజీ తిప్పితే చప్పుడు మైకులో పడుతుంది. ఆ బూత్ నీకు తెలుసుగా, నాలుగడుగుల గది, గోడలకు దుప్పట్లు, తలుపు మూస్తే గాలి కూడా బయటికి పోదు. నాకు దగ్గు తెరలు వచ్చినప్పుడల్లా నన్ను వాటేసుకుని వీపు రాసింది. నా గ్లాసులో మిగిలిన వేణ్నీళ్లు తాగేసింది. ఏమిటే అంటే, "మన గ్లాసేగా అత్తా" అంది.

నాకు చావంటే ఇంత భయమని ఈ మూడు రోజుల దాకా తెలియదు. నిజం చెప్పు చంటీ. ఇంకొక్క అబద్ధం రాస్తే ఆ ఉత్తరం నీకే తిప్పి పంపుతాను.

అక్కయ్య


విశాఖపట్నం
8 జూలై 2024

అక్కయ్యా,

క్షమించు. రంగు వెలిసిపోలేదు. పొర మడత పడలేదు. ఆ రోజు గది తలుపు వేసుకుని గంటన్నర చూశాను. ఒక్కో చోటు పది రెట్లలో, నలభై రెట్లలో. పైపొర కణాలు ఉండవలసిన చోట ఉండకుండా, వేళ్లు దిగినట్టు కిందికి దిగిపోతున్నాయి. కేంద్రకాలు నల్లగా, పెద్దగా ఉన్నాయి. పుస్తకం తెచ్చుకుని పక్కన పెట్టి పోల్చుకున్నాను. పుస్తకంలో క్యాన్సర్ బొమ్మ అచ్చం అలాగే ఉంది. స్లైడు మీద నీ పేరు, వయసు రాసి ఉన్నాయి, ఆ చీటీ మీద వేలు పెట్టి కప్పేసుకుని మిగతాది చూశాను.

నీకు రాయలేకపోయాను. పెన్ను పట్టుకుంటే చేతికి భయపడకు అన్న మాట తప్ప ఏదీ రాలేదు. నిధికి మాత్రం చెప్పాను. అత్తకు తెలియనివ్వకు, దగ్గరుండు, ఒక్కదాన్ని వదలకు అని మాట తీసుకుని పంపాను. దాని తప్పేమీ లేదు.

నేను డాక్టర్ని కాను. నేను చూసింది తప్పు కావచ్చు. ఈ వాక్యం పోయిన ఉత్తరంలో రాయవలసింది, ఇప్పుడు రాస్తున్నాను. ఎంత పెద్ద మైక్రోస్కోపు వాడితే అంత పెద్ద జబ్బు అన్నది నా రాతలోంచి నువ్వు తీసుకున్న అర్థం, తప్పు నాదే. ఏది చూడాలో దాన్నిబట్టి ఏది వాడాలో ఉంటుంది, అంతే.

దయచేసి పదో తారీకు తప్పించకు. నాకు సెలవు దొరకగానే వస్తాను. నా పేరు పదకొండు రకాలుగా పిలిచానన్న చోట చదవడం ఆపేశాను, ఇంకా పూర్తిగా చదవలేదు.

చంటి


ఫిల్మ్ నగర్
19 జూలై 2024

చంటీ,

ఇది కూర్చుని చదువు. పక్కన మరదలు ఉంటే లోపలికి వెళ్లి చదువు.

క్యాన్సర్ కాదు.

పదో తారీకున తీసిన లోతు ముక్క రిపోర్టూ, ఫ్లోరెసెన్స్ రిపోర్టూ నిన్న ఒకేసారి వచ్చాయి. టీబీ. మన నాయనమ్మ కాలంలో క్షయ అనేవారే, అది. ఊపిరితిత్తిలో మొదలై గొంతులోకి ఎక్కిందట. ఎక్స్‌రేలో మచ్చ పాతది కాదు, అదే. సాయంత్రపు జ్వరాలూ, వదులైన జాకెట్లూ అన్నీ అదే. మైత్రేయి లేదని తేల్చుకుందామన్న ఆ ఒకటి కూడా ఇదే. నేను ఆ రోజు కాగితం మడవకుండా అడిగి ఉంటే పోయిన నెల ఇరవయ్యో తారీకునే తెలిసేది.

పెథాలజీ డాక్టరు స్ఫూర్తి అని చిన్నమ్మాయి, నిధి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. నాకు మళ్లీ మౌనమే కదా, మా తమ్ముడికి మైక్రోస్కోపులే లోకం అని కాగితం మీద రాస్తే నవ్వి, నన్ను కూర్చోబెట్టి చూపించింది. నువ్వు చూసింది నువ్వు తప్పుగా చూడలేదట. లోపల టీబీ ఉంటే పైపొర కణాలు రేగిపోయి అచ్చం క్యాన్సర్ లాగే కిందికి దిగుతాయట, పైముక్క ఒక్కటే చూస్తే తలపండిన వాళ్లు కూడా మోసపోతారట. లోతు ముక్కలో కణాలు గుంపులు గుంపులుగా కూడి దేన్నో ముట్టడించినట్టు కనబడ్డాయి. ఆ తర్వాత నూనెబొట్టు వేసి పెద్ద లెన్సుతో చూపించింది. నీలం నేల మీద సన్నటి ఎర్ర పుల్లలు, రెండో మూడో. ఆఖరికి చీకటి గదిలో ఫ్లోరెసెన్స్. నల్లటి నలుపు మీద పచ్చగా మెరుస్తున్నాయి చంటీ. నా గొంతు తినేసినవి అంత అందంగా ఉంటాయనుకోలేదు.

ఆరు నెలలు మాత్రలు మింగితే తగ్గిపోతుందన్నారు. స్వరపేటిక తీయక్కర్లేదు. గొంతు చాలావరకు తిరిగి వస్తుందట. అక్కడే కూలబడి ఏడ్చాను. నిధి కూడా నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. స్ఫూర్తి ఇద్దరికీ మంచినీళ్లు ఇచ్చి, దాన్ని కాస్త దూరంగా కూర్చోమని, నాకు మాస్కు ఇచ్చింది.

అప్పుడు అక్కడికి వచ్చిన మైత్రేయి అడిగింది. "ఈమధ్య మీతో మూసిన గదిలో ఎక్కువసేపు ఉన్నవాళ్లు ఎవరు?"

గొంతులో ఉండే టీబీ అన్నిటికంటే తొందరగా అంటుకుంటుందట. మాట్లాడినా, దగ్గినా, పాడినా గాలిలోకి వస్తుంది. నేను మూడు రోజులు గాలాడని పెట్టెలో నిలబడి నవ్వాను, ఏడ్చాను, కేకలు వేశాను. నా ప్రతి ఊపిరీ నిధి మొహం మీదే. ఆ మూడు రోజులే కాదు, నువ్వు చెప్పావని నా గదిలోనే పడుకుంది. దేవమ్మను, శ్రీకాంత్‌ను రేపు పరీక్షకు పంపుతున్నారు. శ్రీకాంత్ అద్దం అవతల ఉన్నాడు. దేవమ్మ వంటింటి వైపే ఉంటుంది. అది ఒక్కతే నా పక్కన ఉంది.

దానికి నేనే చెప్పాను. కాగితం మీద రాయలేదు. మైత్రేయి వద్దన్నా వినకుండా, మాస్కు వేసుకుని, వరండా చివర నిలబడి గొంతుతోనే చెప్పాను. "నిధీ, నా నుంచి నీకు వచ్చి ఉండొచ్చే" అన్నాను. అది రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుంది. "నాకేం కాదులే అత్తా" అని నవ్వబోయింది. ఆ నవ్వు అబద్ధమని నాకు తెలుసు.

ఇప్పుడు అది కూడా కాస్త దగ్గుతోంది. స్ఫూర్తి దాని కఫం పరీక్షించి, ఏమీ కనబడలేదంది. నేను ఊరట పడబోతే ఆపింది. ఒంట్లోకి పోయినా ఇంత తొందరగా తెలియదట, ఈ దగ్గు జలుబుదే అయి ఉంటుందట. ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేస్తే గానీ సోకిందో లేదో చెప్పలేరట. అప్పటికి దానికి ఎనిమిదో నెల వస్తుంది. ఒకవేళ సోకితే మందులున్నాయి, కడుపుతో ఉన్నా వాడొచ్చు, తల్లీ బిడ్డా బాగానే ఉంటారని వాళ్లు ధైర్యం చెప్పారు. నాకు ధైర్యం రావడం లేదు.

అల్లుడు సృజన్ వచ్చి దాన్ని మధురానగర్ తీసుకెళ్లిపోయాడు. పాపం నన్నేమీ అనలేదు. ఆటో ఎక్కే ముందు అది వెనక్కి వచ్చి, ఆరడుగుల దూరంలో నిలబడి ఒక మాట అడిగింది. "నాన్నకు మాత్రం చెప్పకు అత్తా. నన్ను పంపింది తనే. తెలిస్తే తట్టుకోలేడు. పరీక్ష అయ్యాక నేనే చెబుతాను."

నేను సరేనని తల ఊపాను. అది వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి నీకు ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మనం ఒకరికొకరం చెప్పకుండా దాచినందుకే ఇంత దాకా వచ్చింది, ఇంక నేను దాచలేను. నన్ను తిట్టు. ఎంత తిట్టినా చదువుతాను.

నాగేశ్వరి


విశాఖపట్నం
24 జూలై 2024

అక్కయ్యా,

ఉత్తరం నిన్న అందింది. నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది? నువ్వు బూత్‌లోకి తీసుకెళ్లావు, నిజమే. రైలెక్కించింది నేను. అత్తను వదలకు, దగ్గరుండు అని మాట తీసుకుంది నేను. క్యాన్సర్ అంటుకోదు కదా, అందుకని నిశ్చింతగా పంపాను. నాకున్నది అరజ్ఞానం, దాంతో బిడ్డను పంపాను. ఫ్లోరెసెన్స్‌కు పంపారని నువ్వు రాసిన రోజే నాకు వెలగవలసింది. టీబీ పురుగుల్ని వెతకడానికి ఆ మైక్రోస్కోపు వాడతారని మా మొదటి సంవత్సరం పిల్లలకు ఏటా నేనే చెబుతాను. అది నీ గురించి అయ్యేసరికి గుర్తే రాలేదు.

నువ్వు బతికావు, నీ గొంతు ఉంటుంది. దానికి సంతోషపడాలని ఉంది. సంతోషం వస్తోంది, వెంటనే నిధి చేతులు కడుపు మీద పెట్టుకుందని నువ్వు రాసింది గుర్తొస్తోంది. మాత్రలు ఒక్క పూట కూడా మానకు. దేవమ్మా, శ్రీకాంత్ సంగతి రాయి.

పొద్దున మైక్రోస్కోపుల గదికి వెళ్లి అన్నిటి మీదా గుడ్డలు తీశాను. అలవాటు. మళ్లీ కప్పేశాను. ఎనిమిది వారాల దాకా వీటిలో ఏదీ నాకు చెప్పగలిగింది లేదు. పిల్లలు వచ్చి సార్, ఇవాళ ప్రాక్టికల్స్ లేవా అంటే లేవని పంపేశాను.

సాయంత్రం నిధి ఫోను చేసింది. గొంతు హుషారుగా పెట్టుకుంది. అత్తకు టీబీ అట నాన్నా, మందులకు తగ్గిపోతుందట, నేను మధురానగర్ వచ్చేశాను, ఇక్కడ బాగుంది అంది. మధ్యలో ఒకసారి దగ్గింది. ఏమిటమ్మా అన్నాను. జలుబు అంది. అలాగా, వేడినీళ్లు తాగు అన్నాను. నాకు తెలిసిందని చెప్పలేదు. చెబితే అది నా కోసం కూడా భయపడాలి.

మీ మరదలికి కూడా చెప్పలేదు. అన్నం ఎందుకు వదిలేశారని రెండు పూటలుగా అడుగుతోంది. పన్ను నొప్పి అన్నాను. లవంగం తెచ్చి ఇచ్చింది, బుగ్గన పెట్టుకుని కూర్చున్నాను.

చంటి